పాత వస్తువులు కూడబెట్టాలనుకుంటే మొదట ఏది కొనాలి: బిందెలా, నాణేలా, తలుపులా?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మా ఇంట్లో నీళ్లు అటక దాకా ఎక్కాయి. నీళ్లు తీసినాక పోయి చూస్తే మా జేజినాయన దాచిన కాగితాల ట్రంకుపెట్టెలో నల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. ఆయన లెక్కలు రాసుకున్న మేజా బల్ల ఉబ్బి, అతుకులు విడిచి, గోడకు ఒరిగి ఉంది. మా జేజి పెండ్లినాటి కంచు తలె (పళ్లెం), రాగి కాగు, రెండు ఇత్తడి బిందెలు మాత్రం బురద కడిగితే ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ తలె అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన జేజి పేరు మీది బురదను బొటనవేలితో తుడిచిన రోజు నుంచే నేను పాత వస్తువులు వెతకడం మొదలుపెట్టాను.

ఇప్పుడు తెలిసినవాళ్లు, వాళ్ల పిల్లలు వచ్చి "మాకూ మొదలుపెట్టాలని ఉంది, ముందు ఏం కొనమంటారు?" అని అడుగుతుంటారు. మన కర్నూలు, కడప, అనంతపురం వైపు కొత్తవాళ్ల చేతికి అందేవి ముఖ్యంగా ఐదు రకాలు: ఇంటి పాత్రలు, నాణేలు, కూల్చిన మిద్దెల కొయ్య సామాను, తోలుబొమ్మలు, కాగితాలు-తాటాకులు. నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది పాత్రలు తప్ప ఇంకేమీ కొనకండి. రెండో ఏడాది నాణేలకు పోవచ్చు. కొయ్య జోలికి సొంత ఇల్లు ఉన్నవాళ్లే పోవాలి. మిగతా రెండూ కొనడం కంటే కాపాడడం ఎక్కువ పని.

ఈ వరస ఎందుకంటే, ఏ వస్తువు ముందు నిలబడినా నేను వేసుకునే ప్రశ్నలు రెండే. ఇది నిజమైనదో కాదో నా కన్ను, చెవి, చెయ్యి చెప్పగలవా? దీన్ని నా ఇంట్లో ఇరవై ఏండ్లు చెడకుండా ఉంచగలనా? రెండింటికీ అవునని చెప్పగలిగితేనే ధర అడుగుతాను.

పాత్రలు: తప్పు చేసినా పోయేది తక్కువ

ఇత్తడి, రాగి, కంచు వస్తువులకు అడుగున ఒక ధర ఎప్పుడూ ఉంటుంది. అది లోహం తూకం. మీరు పాతదనుకొని కొన్న చెంబు కొత్తదని తేలినా లోహం విలువ మీ దగ్గరే ఉంటుంది. నాణెం నకిలీ అయితే ఏమీ మిగలదు. నేర్చుకునే దశలో తప్పులు ఎలాగూ జరుగుతాయి కాబట్టి, చౌకగా తప్పులు చేయగలిగే చోట నేర్చుకోవడం మంచిది.

మన ఊళ్లలో ఈ సామాను ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. స్టీలు వచ్చిన కొత్తలో పాత ఇత్తడికి కొత్త స్టీలు ఇచ్చేవాళ్లు వీధివీధీ తిరిగారు. చాలా బిందెలు అప్పుడే కరిగిపోయాయి. పెండ్లికి వచ్చినవని, పుట్టింటివని ఆడవాళ్లు ఇవ్వకుండా అటక మీద దాచుకున్నవి మిగిలాయి. ఇప్పుడు ఆ తరం పోతోంది, ఇండ్లు కూలుస్తున్నారు, అటకలు దిగుతున్నాయి.

మూడు లోహాలూ మొదట వేరుపరచడం నేర్చుకోవాలి. రాగి ఎర్రన, అది ఎవరికైనా తెలుస్తుంది. ఇత్తడి రాగిలో తుత్తునాగం (జింకు) కలిసింది, పసుపు రంగు. కంచు రాగిలో తగరం కలిసింది, మంచి కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. చిలుము పట్టినప్పుడు ఇత్తడీ కంచూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు చెవిని నమ్మండి. తలెను వేళ్ల కొసల మీద నిలిపి అంచున వేలితో తట్టితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. కంచు అనుకున్నది బొంగురుగా పలికితే ఎక్కడో సన్న బీట ఉన్నట్టే. బీటవారిన కంచు అతకడం కష్టం, దాన్ని వదిలేయండి. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. ఇనుముకు ఇత్తడి పూత పూసినవి దానికి దొరికిపోతాయి. జర్మన్ సిల్వర్ అని అమ్మే దాంట్లో వెండి అసలు లేదు. అది రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం, వెండి ధర పెట్టకండి.

పాతదనం ఎలా తెలుస్తుంది? రంగు చూసి కాదు, అరుగుదల చూసి. యాభై ఏండ్లు బావి గట్టు మీద పెట్టిన బిందెకు అడుగు అరుగుతుంది. నడుం మీద మోసిన వైపు నున్నబడుతుంది. చేతులు తగిలే అంచు పల్చబడుతుంది. చేతులు పోని మూలల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. కొత్తదాన్ని ఆమ్లంలో ముంచి, మట్టిలో పాతి తీసినదానికి చిలుము అన్ని వైపులా ఒకే మందంగా ఉంటుంది. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఊడి వస్తుంది. మొదటి ఏడాదిలో నేను ఒక దీపపు సెమ్మెకు ఇలాగే మోసపోయాను. రెండు వందల ఏండ్లదని చెప్పారు. ఇంటికి తెచ్చి తుడిస్తే లోపల లేతు మిషను గీతలు సమానంగా తిరుగుతూ బయటపడ్డాయి. చేతితో కొట్టిన పాత్ర మీద సుత్తి దెబ్బల గుంటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. పాత రేకు పాత్రల్లో ఇంకో గుర్తు ఉంది. రేకు అంచుల్ని రంపం పండ్లలా కత్తిరించి, ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిన గీత లోపలి నుంచి కనిపిస్తుంది. ఆ గీత మీద వేలు పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

కొత్తవాళ్లలో చాలామంది పేరు కొట్టించిన పాత్రను వద్దంటారు, ఎవరి పేరో మనకెందుకని. నేను అలాంటివే ఏరుకుంటాను. మన వైపు పాత్ర కొన్నప్పుడు అంగట్లోనే చిన్న ఉలితో పేరు, ఇంటిపేరు పొడి అక్షరం, ఒక్కోసారి ఊరు, సంవత్సరం కొట్టించేవాళ్లు. ఆ వస్తువుకు అంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఏముంది? అమ్మేవాడు చెప్పే కథ మారుతుంది, చుక్కల అక్షరం మారదు. అక్షరాల తీరు కూడా గమనించండి. అరసున్నలు, బండి ఱ లు ఉంటే చాలా సందర్భాల్లో అది పాత చేతి పని.

ఇంటికి తెచ్చినాక తళతళలాడేలా తోమకండి. ఈ మాట వింటే మా ఇంట్లోవాళ్లకే నచ్చదు. చింతపండు, బూడిద రోజు వాడే బిందెకు సరే. దాచే వస్తువు మీద ఏండ్ల తరబడి కుదురుకున్న నలుపు-గోధుమ పొర దాని వయసు, అది పోతే తిరిగి రాదు. ఆకుపచ్చ పొడిలా రాలే చిలుము వేరు. అది లోహాన్ని తింటుంది. మెత్తని కుంచెతో దులిపి, పొడిగా ఉంచి, మిగతా వాటికి దూరంగా పెట్టాలి. వాటిలో వండుకోవాలనుకుంటే లోపల కళాయి (తగరపు పూత) వేయించకుండా వద్దు. కళాయి లేని రాగిలో, ఇత్తడిలో చారు, పులుసు కాచకూడదు.

ఏం వెతకాలో అడిగితే మరచెంబు, ఉగ్గుగిన్నె, అడకత్తెర, సున్నపు డబ్బీ, గింజలు కొలిచే సోల, మానిక, కుందులు అంటాను. చిన్నవి, అద్దె ఇంట్లో ఒక అల్మారాలో పడతాయి. గంగాళాలు, కాగులు చూడటానికి బాగుంటాయి గానీ రెండు తెచ్చేసరికి ఇంట్లో నడవడానికి చోటుండదు.

నాణేలు: చోటు తక్కువ, చదువు ఎక్కువ

పాత్రలకు అనుభవం చాలు, నాణేలకు పుస్తకం కావాలి. గాజు డబ్బాలో వంద ముక్కలు పడతాయి, బదిలీ ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇంతకంటే అనువైనది లేదు. మన ప్రాంతం నాణేలకు గొప్పది కూడా. విజయనగర రాజుల వరహాలు ఇక్కడే చెలామణి అయ్యాయి. గుత్తికి టిప్పు సుల్తాను ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ నాణేలు కొట్టించాడు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి, అంటే ఈస్ట్ ఇండియా కంపెనీకి, దత్తం చేశాక మద్రాసు నాణేలు వచ్చాయి.

కానీ మొదట వరహాల వెంట పడకండి. బంగారు నాణేలకు నకిలీలు చాలా నేర్పుగా చేస్తారు. నేనైతే కొత్తవాళ్లకు ఎడ్వర్డ్ రాజు కాలంలో మొదలైన వంపుల అంచు నికెల్ అణా చేతిలో పెడతాను. చౌకగా దొరుకుతుంది. వెనక వైపు ఐదు లిపుల్లో విలువ రాసి ఉంటుంది, వాటిలో మన తెలుగూ ఉంది. పిల్లలు ఆ అక్షరాలు గుర్తుపట్టినప్పుడు వాళ్ల ముఖం చూడాలి. దాని పక్కన 1943-47 మధ్య వచ్చిన చిల్లు పైసా, 1957 ఏప్రిల్ 1 తర్వాతి నయాపైసలు పెట్టండి. రూపాయికి పదహారు అణాలు, అరవైనాలుగు కాణీలు అన్న పాత లెక్క, వంద పైసల కొత్త లెక్క రెండూ ఒక అరచేతిలో కనిపిస్తాయి.

వెండి రూపాయికి పోతే ఈ లెక్క గుర్తుంచుకోండి. విక్టోరియా నుంచి 1939 దాకా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో వెండి నూటికి 91.7 పాళ్లు, అంటే దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా బరువు అంతే గానీ వెండి సగానికి సగమే. 1947 నాటి పులిబొమ్మ రూపాయి నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. వెండి రూపాయిలోని వెండి బరువును ఆ రోజు వెండి ధరతో గుణిస్తే మీ అడుగు ధర తేలుతుంది. మామూలు జార్జి రాజు బొమ్మ రూపాయికి అంతకు మించి ఎక్కువ పెట్టనక్కర్లేదు. 1939 రూపాయి అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువ. ఎవరైనా తక్కువకిస్తే సంబరపడకుండా తూకం వేయండి. నగల అంగడి కాటా మీద అర గ్రాము తేడా వచ్చినా అనుమానించాలి. పోత పోసిన నకిలీకి అంచున అతుకు గీత, ముఖం మీద సూది బెజ్జాల్లాంటి గుంటలు ఉంటాయి.

రాముడి పట్టాభిషేకమో, ఆంజనేయుడో, ఓంకారమో ఒక వైపు, ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని మరో వైపు ఉన్న రాగి బిళ్లలు మన జాతరల్లో కనిపిస్తుంటాయి. కుంఫిణీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. అవి ఈ మధ్య చేసిన బిళ్లలు. పూజలో పెట్టుకుంటే పెట్టుకోండి, నాణెమని వేలు పోయకండి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నడుస్తారు. ఆ ఆశ మన నేలలోనే ఉంది, నేను తప్పు పట్టను. కానీ ఫోనులో "మీ దగ్గర ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుందా, లక్షలిస్తాం" అని వచ్చేవి వేరు. ముందు రిజిస్ట్రేషనుకని, పన్నుకని మన దగ్గరే డబ్బు లాగుతారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. పాత నోట్ల, నాణేల క్రయవిక్రయాలకు తను ఏ రుసుమూ వసూలు చేయదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

నాణెం కడగకూడదు. సబ్బు, నిమ్మకాయ, టూత్‌పేస్టు ఏదీ వద్దు. తోమిన నాణేన్ని తెలిసినవాడెవడూ మంచి ధరకు కొనడు.

కొయ్య: ఇల్లు పెద్దదైతేనే

మట్టి మిద్దెలు కూల్చి డాబాలు కట్టేటప్పుడు చెక్కడం పని ఉన్న ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు, ఉయ్యాల బల్లలు, భోషాణాలు బయటికొస్తాయి. వాటి అందం నాకు తెలుసు. అయినా కొత్తవాళ్లను ఆపుతాను. వీటికి లారీ బాడుగ ఉంటుంది, వడ్రంగి కూలి ఉంటుంది. మన ఎండాకాలపు పొడి గాలికి, ఏసీ గదులకు చెక్క బీటలు తీస్తుంది. వెనక వైపు తట్టి చూడకుండా కొంటే చెదలు మీ కొత్త ఇంటి తలుపులకు కూడా చేరతాయి. సన్నటి బెజ్జాల కింద తెల్లటి పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. పాత టేకు ముక్కకు కొత్త చెక్కలు అతికి మొత్తం పాతదని అమ్మడం మామూలు. సొరుగు బయటికి లాగి అడుగు చూడండి, అక్కడ ఎవరూ రంగు వేయరు. ఎర్రచందనం వస్తువు ఎవరైనా చూపిస్తే అటవీశాఖ కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు. కడప, నంద్యాల వైపు ఉన్నవాళ్లకు ఆ చిక్కులు నేను చెప్పనక్కర్లేదు.

తోలుబొమ్మలు, కాగితాలు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మలు చూడని అనంతపురంవాళ్లు ఉండరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ నా సలహా ముక్కుసూటిగా ఉంటుంది: కొత్తవి కొనండి, చేసినవాళ్ల దగ్గరే కొనండి. కొత్త తోలును పొగబెట్టి, నలిపి పాతదని అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బు ఆ కుటుంబాలకు పోతే ఇంకో తరం ఆ పని నేర్చుకుంటుంది. నిజంగా పాత బొమ్మ మీ చేతికొస్తే ఎండ పడని చోట, మడవకుండా, కాగితాల మధ్య పరచి ఉంచండి. పాతవాటిలో కొన్ని జింక తోలువి. వాటి క్రయవిక్రయం వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది.

కాగితాల్లో పోస్టుకార్డులు, తపాలా బిళ్లలు, పాత ఫోటోలు పిల్లలకు బాగుంటాయి. చౌక. లామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత విడదీయలేరు. తాటాకు గ్రంథాలైతే కొనే ఆలోచన మానుకొని కడపలోని బ్రౌన్ గ్రంథాలయం లాంటి చోటికి చేర్చండి. మన ఇళ్లలో వాటికి నిమ్మగడ్డి నూనె రాసి, పురుగు పట్టకుండా చూసేంత ఓపిక ఎవరికుంది? వరదలో ముద్దయిన ఆ ట్రంకుపెట్టె గుర్తొచ్చినప్పుడల్లా, ముందే ఎక్కడైనా ఇచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడనివి

పాత దేవుడి విగ్రహాలు, గుడి రాళ్లు, వీరగల్లులు (వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), ఏనుగు దంతం, చర్మాలు, కొమ్ములు. మన జిల్లాల్లో గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వినవాళ్ల వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. నంది మెడ విరిచిన చోటికి నేను పోయి చూశాను, ఆ రోజు అన్నం సహించలేదు. అలాంటి విగ్రహం కొన్నవాడికీ అందులో పాలుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1972 పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేండ్లు దాటిన కళావస్తువు, రాతప్రతి అయితే 75 ఏండ్లు దాటినది, పురావస్తువు కిందికి వస్తుంది. రాతి, లోహ, దంత, కొయ్య శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు దగ్గరుంటే పురావస్తు శాఖ దగ్గర నమోదు చేయించాలి. వీటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు ఇంటికి జేజి కుందులు పంపాలనుకుంటే, అవి పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తీసుకొని పంపండి. ఇక 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైనదేది దొరికినా కలెక్టరుకు తెలపాలి. చేను దున్నుతుంటే దొరికిన నాణేల కుండను ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే లేచి రండి.

బియ్యం గింజల్ని లాక్కునే రాగి చెంబు, అందులో ఇరీడియం, కోట్ల ధర అని ఎవరైనా చెప్తే అది పచ్చి మోసం. చదువుకున్నవాళ్లు పొలాలు అమ్మి పోగొట్టుకున్నారు.

ఎక్కడ కొనాలి?

సొంత బంధువుల అటక అన్నిటికంటే మంచిది. వస్తువు ఎవరిదో, ఎప్పటిదో చెప్పే మనిషి ఎదురుగా ఉంటుంది. ఉచితంగా ఇచ్చినా ఏదో ఒకటి ఇచ్చి తీసుకోండి, తర్వాత మాటలు రావు. రెండోది గుజిరీ అంగడి, పాత పాత్రలు మార్చే పాత్రల అంగడి. అక్కడ తూకం ధర నడుస్తుంది. నేను పోగానే ముందు ఆ రోజు ఇత్తడి రేటు అడుగుతాను. తర్వాత నెమ్మదిగా "భాయ్, ఈ చెంబు పక్కన పెట్టు" అంటాను. "ఏముందన్నా దాంట్లో, సొట్ట పడింది" అంటాడు. కరిగించే గుట్టలోంచి ఒకటి తప్పించినట్టు ఉంటుంది. తూకం ధర కంటే కొంచెం ఎక్కువే ఇస్తాను. ఇచ్చినాకే ఆ అంగడివాళ్లు మంచివి వస్తే ఫోను చేయడం మొదలుపెట్టారు.

పెద్ద ఊళ్ల పాత వస్తువుల అంగళ్లలో సరుకు బాగుంటుంది, ధర ఎక్కువ. కొనకపోయినా పోయి చూడండి, కన్ను పదును పడుతుంది. అదే పనికి కడప, కర్నూలు, అనంతపురం మ్యూజియంలు ఇంకా మేలు, అక్కడ అమ్మేవాడి కథ ఉండదు. ఆన్‌లైను మాత్రం మొదటి రెండేండ్లు వద్దు. తట్టి వినలేని కంచు, తూచలేని రూపాయి ఫోటోలో కొని ఏం నేర్చుకుంటారు?

అద్దె ఇంట్లో ఉండి నెలకు కొద్ది మొత్తం తీయగలిగితే మొదటి ఏడాది చిన్న పాత్రలు, రెండో ఏడాది నుంచి వాటితో పాటు అణా నాణేలు పెట్టుకోండి. తరచూ బదిలీలైతే రెండో ఏడాది నుంచి నాణేలే. ఊర్లో పాత ఇల్లు ఉండి అందులో మీరే ఉండబోతుంటే, బయట కొయ్య కొనేముందు మీ ఇంటి తలుపు ఊడకుండా చూసుకోండి. డబ్బు రెట్టింపు కావాలన్న ఆలోచనతో వచ్చినవాళ్లకు ఈ ఐదింటిలో ఏదీ నేను చెప్పను. అమ్మబోయేనాడు కొనేవాడు దొరకడమే కష్టం.

కొన్న రోజే ఒక చీటీ రాయడం మాత్రం అందరికీ చెప్తాను: ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు, వాళ్లు ఏం చెప్పారు, నేను ఏం చూశాను. మా ఇంట్లో ప్రతి గిన్నెలో అలాంటి చీటీ ఉంది. మూడేండ్ల కింద గుజిరీలో దొరికిన ఒక మరచెంబు మీద ఒకామె పేరు, ఊరి పేరులో మొదటి రెండు అక్షరాలు మాత్రమే ఉన్నాయి, మిగతావి అరిగిపోయాయి. నంద్యాల వైపు పోయినప్పుడల్లా ఆ రెండక్షరాలతో మొదలయ్యే ఊరు వస్తే బస్సు దిగి అడుగుతున్నాను. దాని చీటీలో ఊరు అన్నచోట ఇంకా ఖాళీ ఉంది.